తాళం వేసిన ఇళ్ళ కోరికలు

ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, జీతం పుచ్చుకునేటప్పుడు సంతకంలో తప్ప అది ఎక్కడా కనబడదు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె ముత్యాలక్క. మెడలో ముత్యాలున్నాయని కాదు, రాత అలాంటిది. నిలబడి రాసినా, గోడకి అట్ట ఆనించి రాసినా, వానలో గొడుగుని భుజానికీ మెడకీ మధ్య నొక్కిపట్టి రాసినా అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా పడతాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ ముత్యాలన్నీ ఊళ్ళోవాళ్ళు పళ్ళు దేనితో తోముకుంటారు, నేల దేనితో తుడుస్తారు, నెలకి ఎన్ని సబ్బులు అరగదీస్తారు అన్న గొప్ప సంగతులకే ఖర్చయ్యాయి.

ఆమె చేసేది సర్వే పని. ఇంటి సామాన్లు తయారుచేసే ఒక కంపెనీ కోసం, జనానికి ఏం కావాలో ఇల్లిల్లూ తిరిగి కనుక్కుని, అచ్చు కాగితాల మీద నింపి తెచ్చివ్వాలి. ఎక్కే గుమ్మం, దిగే గుమ్మం. తలుపు తీసినవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది ఆమె నోరు తెరవకముందే "మాకేం వద్దు" అంటారు. "అమ్మడానికి రాలేదండీ, అడగడానికొచ్చాను" అంటుంది ఆమె. ఈ మాటని ఇంతవరకూ ఎవరూ మొదటిసారికే నమ్మలేదు. ఊరికే అడిగి పోయేవాళ్ళు లోకంలో ఉంటారంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

అడగ్గా అడగ్గా ఆమెకొక విద్య అబ్బింది. తలుపు తట్టకముందే లోపలివాళ్ళు ఎలాంటివాళ్ళో చెప్పగలదు. గుమ్మం ముందు చెప్పులు, తీగ మీద బట్టలు, చెత్తబుట్టలో పైనున్న కాగితాలు, గొళ్ళెం దగ్గర చేతి మరకలు చూస్తే చాలు. ఇంట్లో ఎంతమంది, పసిపిల్లలున్నారా, ఇంటాయనది కూర్చునే ఉద్యోగమా ఒళ్ళు వంచే పనా, ఇల్లాలికి ఓపిక ఉందా లేదా, అన్నీ పదింట తొమ్మిది నిజమయ్యేవి. తొమ్మిది నిజమయ్యాక పదోది అడగబుద్ధి కాదు మనిషికి. చిక్కంతా అక్కడే వచ్చింది.

యాభై దాటేసరికి మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. మూడో అంతస్తు అనగానే ముందు మెట్లకి పట్టుకునే కమ్మీ ఉందా లేదా అని చూసేది. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూసి, "ఇక కూర్చుని చేసే పని చూసుకోండమ్మా" అన్నాడు. ఆయన కూర్చునే చెప్పాడు. ఆఫీసులో అలాంటి పని ఒక్కటే ఉంది. సర్వేవాళ్ళు తెచ్చిన కాగితాలని కిటికీ పక్క కుర్చీలో కూర్చుని సరిచూసే పని. ఆ కుర్చీలోని పెద్దాయన ఏడాదిలో రిటైరవుతాడు. ముత్యాలక్క దేవుణ్ణి మేడలూ మిద్దెలూ అడగలేదు. ఆ కుర్చీ ఇప్పించు స్వామీ, చాలు అనుకునేది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, అత్తగారు. భర్త పోయి ఆరేళ్ళయింది. మధ్యలో ఉండాల్సిన మనిషి పోయాక అత్తాకోడళ్ళు పోట్లాడుకోవడం కూడా మానేశారు, తీర్పు చెప్పేవాడు లేడని. అత్తగారికి ఆయాసం. ఏ ఘాటైనా పడదు. ముఖ్యంగా బట్టల సబ్బు వాసన. గాలి ఆడని చిన్న స్నానాలగదిలో కోడలు బట్టలు ఉతుకుతుంటే, అవతలి గదిలో మంచం మీద పెద్దావిడ దగ్గు అందుకునేది. ఆ దగ్గు ఆగేదాకా కోడలు ఉతకడం ఆపి, తడి చేతులతో గుమ్మంలో నిలబడేది.

కొత్త మేనేజరు వచ్చింది ఆ రోజుల్లోనే. ముప్పై అయిదు దాటని మనిషి, మార్కెటింగ్ మేనేజ్‌మెంట్ చదివి వచ్చాడు, చదివింది నిజంగా నమ్మినవాడు. రాగానే సర్వేవాళ్ళందరినీ కూర్చోబెట్టి రెండు రోజులు పాఠం చెప్పాడు.

"చేసింది అంటగడితే అది అమ్మకం. కావలసింది అడిగి చేస్తే అది మార్కెటింగ్. ఇది ఫ్యాక్టరీలో మొదలవదు, కొనేవాళ్ళ గుమ్మంలో మొదలవుతుంది" అన్నాడు. తర్వాత బోర్డు మీద మూడు మాటలు రాశాడు: అవసరం, కోరిక, గిరాకీ. "బట్టలు శుభ్రంగా ఉండాలి, ఇది అవసరం. ఫలానా సబ్బుతోనే ఉతకాలి, ఇది కోరిక. ఆ కోరికకి కొనగలిగే స్తోమత కూడా తోడైతే, అప్పుడు అది గిరాకీ."

వెనక బెంచీలో ముత్యాలక్క చెప్పులు విప్పి, ఒక పాదంతో ఇంకో పాదాన్ని నొక్కుకుంటోంది. పాఠం ఆమెకి బాగానే ఎక్కింది. కూర్చోవడం అవసరం, కిటికీ పక్క కుర్చీ కోరిక. స్తోమత సంగతే తన చేతిలో లేదు.

"అందరికీ అమ్మాలని చూసేవాడు ఎవరికీ అమ్మలేడు" అన్నాడు మేనేజరు రెండో రోజు. "జనమంతా ఒకటి కాదు. మార్కెట్‌ని ముక్కలు చేసి చూడాలి. ఇంతవరకూ ఎవరి కంటా పడని ముక్క ఒకటి ఎక్కడో ఉంటుంది. దాన్ని పట్టుకుని, వాళ్ళకి తగిన వస్తువు చేసి, తగిన ధర పెట్టి, వాళ్ళు వెళ్ళే చోట ఉంచి, వాళ్ళ చెవిన పడేలా చెప్పాలి. వస్తువు, ధర, చోటు, ప్రచారం. ఈ నాలుగూ దేని మీద నిలబడతాయి? మీరు తెచ్చే కాగితాల మీద."

'కాగితాల మీద కాదు నాయనా, మా కాళ్ళ మీద' అనుకుంది ముత్యాలక్క. పైకి మాత్రం అందరితోపాటు తలూపింది.

ఆ పాఠం అయిన వారానికే బట్టల సబ్బు సర్వే వచ్చింది. మనిషికి రెండు వందల ఇళ్ళు, ఇంటికి ముప్పై ప్రశ్నలు, గడువు రెండు వారాలు. రైలు పట్టాలకి ఇటు పక్క ముత్యాలక్క, అటు పక్క ఇంకొకావిడ. ఆవిడ ఏడాది కిందట చేరింది, ఇద్దరు పిల్లల తల్లి. ఆవిడ కాగితాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. రాసింది కొట్టేసి, పైన రాసి, అదీ కొట్టేసి, పక్కన బాణం గుర్తు వేసి ఇంకోటి రాస్తుంది. ఆఫీసులో ఆవిడకి కొట్టివేతలమ్మ అని పేరు పెట్టేశారు. నోట్లో నాలుక లేని మనిషి, ఆ పేరుతో పిలిచినా పలికేది.

తాళం వేసి ఉన్న ఇంటికి మూడుసార్లు వెళ్ళాలని, అప్పటికీ తీయకపోతే పక్కింటిని తీసుకోవాలని కంపెనీ నియమం. నియమం పెట్టినవాడి మోకాళ్ళు బాగున్నట్టున్నాయి. ఎండలు ముదిరాయి, సగం ఇళ్ళలో మొగుడూపెళ్ళాలిద్దరూ పనులకి పోతున్నారు. మొదటి నాలుగు రోజులు ముత్యాలక్క తిరిగింది, మళ్ళీ వెళ్ళింది, మూడోసారీ వెళ్ళింది. అయిదో రోజు ఒక తాళం కప్ప ముందు మెట్టు మీద కూలబడింది. గుమ్మంలో రెండు జతల చెప్పులు, తీగ మీద మాసిన నీలం చొక్కాలు. ఎవరో తెలుస్తూనే ఉంది. అట్ట ఒళ్ళో పెట్టుకుంది, కలం మూత తీసింది. ముప్పై ప్రశ్నలూ నీడపట్టున పావుగంటలో అయిపోయాయి.

అలా ఇంకోటి, మరోటి. ఎంతమంది, ఎన్ని బట్టలు, వారానికి ఎన్నిసార్లు అన్నవన్నీ గుమ్మం చూసి రాసింది. పదిహేడో ప్రశ్న మాత్రం గుమ్మంలో దొరికేది కాదు: 'మీరు వాడుతున్న సబ్బులో మీకు నచ్చనిది ఏమిటి?' అక్కడికొచ్చేసరికి కలం తనంత తానే నడిచేది. 'వాసన.' ఇంకో ఇంటికి, 'ఘాటు ఎక్కువ.' మరో ఇంటికి, 'పెద్దవాళ్ళకి దగ్గు వస్తోంది, వాసన లేనిది ఉంటే తప్పక కొంటాము.' ఒకే మాట రెండుసార్లు రాయకూడదని శ్రద్ధ కూడా తీసుకుంది. అవెన్ని అవుతున్నాయో లెక్క చూసుకోలేదు. ఏ మెట్టు మీది కాగితం ఆ మెట్టుదే అనుకుంది.

రెండు వారాలు గడిచాక మేనేజరు ఇద్దరి కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి అందరినీ పిలిచాడు. అతని మొహం వెలిగిపోతోంది.

"చూడండి, నేను చెప్పిన ముక్క ఇదే! ముత్యాలక్క ఇళ్ళలో అరవై రెండు ఇళ్ళవాళ్ళకి సబ్బులో వాసన వద్దట. మూడో వంతు జనం! ఇంతవరకూ ఒక్క కంపెనీ కూడా వీళ్ళని అడిగిన పాపాన పోలేదు." తర్వాత కొట్టివేతలమ్మ వైపు తిరిగాడు. మొహంలో వెలుగు తగ్గింది. "మీ రెండు వందల ఇళ్ళలో ఎంతమందో తెలుసా? ముగ్గురు. పట్టాలు దాటితే మనుషుల ముక్కులు మారిపోతాయా?"

"నాకు చెప్పింది అదే సార్" అంది ఆవిడ.

"చెప్పారా, లేక మీరు ఇంట్లో కూర్చుని ఊహించారా? రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం. అడిగి రాసినవాళ్ళకి ఇన్ని అనుమానాలెందుకొస్తాయి? ఈవిడ కాగితాలు చూడండి, ఒక్క కొట్టివేత లేదు."

"వాళ్ళే మాట మార్చుకుంటారు సార్. ముందు ఒకటంటారు. లోపల్నుంచి ఆయన 'అది కాదే' అని అరిస్తే ఇంకోటంటారు. నేను గుమ్మం దిగాక వెనక్కి పిలిచి మరీ మార్పిస్తారు. అందుకే కొట్టేశాను సార్."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసింది ముత్యాలక్కకే. మనిషన్నవాడు ముప్పై ప్రశ్నలకి తడబడకుండా జవాబు చెప్పడు. అరవై రెండు అన్న అంకె ఆమె కూడా అప్పుడే విన్నది. అయినా తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా కూర్చుంది. ఒక్క మాట అంటే కుర్చీ పోతుంది. కుర్చీతోపాటు ఉన్న పనీ పోతుంది. కొట్టివేతలమ్మ ఒకసారి ఆమె వైపు చూసింది, సీనియర్ కదా, తన తరఫున ఏమైనా చెబుతుందేమోనని. ముత్యాలక్క వంగి చెప్పు పట్టీ సర్దుకుంది.

మర్నాటినుంచి కొట్టివేతలమ్మ పనిలోకి రానక్కర్లేదన్నారు.

సబ్బు బయటికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. తెల్లటి బిళ్ళ, తెల్లటి కాగితం. మేనేజరు తన నాలుగు సూత్రాల్లో ఒక్కటీ తప్పలేదు. ధర మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. మందుల షాపుల్లో కూడా పెట్టించాడు, ఆయాసం ఉన్నవాళ్ళు వెళ్ళే చోటని. వాసన లేని శుభ్రత అని గోడల మీద రాయించాడు. ముత్యాలక్క మొదటి రోజే నాలుగు బిళ్ళలు తెచ్చి ఉతికింది. అవతలి గది నిశ్శబ్దంగా ఉంది. ఎంతసేపటికీ దగ్గు వినబడకపోయేసరికి ఆమెకి భయం వేసి, చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తింది.

"ఏమైందే అలా వచ్చావు?" అంది అత్తగారు, మంచం మీద బట్టలు మడతపెడుతూ.

"ఏం లేదత్తయ్యా. మీ దగ్గు వినబళ్ళేదని."

"ఈ సబ్బు చేసినవాడెవడోగానీ చల్లగా ఉండాలే. నన్ను ఎరిగున్నవాడే చేసినట్టుంది" అంది పెద్దావిడ. ముత్యాలక్కకి నవ్వు రావలసింది, తాళం కప్పలు గుర్తొచ్చాయి.

ఆ సబ్బు చల్లగా ఉండలేదు. వీధి చివర షాపులో ఆమె కళ్ళారా చూసింది. వచ్చినవాళ్ళు బిళ్ళని చేతిలోకి తీసుకుంటారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు, ఇంకోసారి గట్టిగా పీలుస్తారు, తిరిగి పెట్టేసి పక్కనున్న గులాబీరంగు బిళ్ళ తీసుకుంటారు. షాపాయన పాతికేళ్ళుగా సబ్బులమ్ముతున్న మనిషి. "సబ్బు కొనేది ముక్కుతోనమ్మా, చేత్తో కాదు" అన్నాడు ఆమెతో. "ఈ తెల్లది చేసినవాడు ఎవరినైనా అడిగి చేశాడంటావా?"

నాలుగు నెలలు చూశారు. పెట్టెలు తిరిగొచ్చి ఆఫీసు మెట్లదాకా పేరుకున్నాయి. సబ్బుకి వాసన లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే లోపల కూర్చోలేకపోయేవాళ్ళు. మేనేజరు బుగ్గలు లోపలికి పోయాయి. ఒక రోజు ముత్యాలక్కని పిలిచాడు.

"పెద్దాయన ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్నారు. ఒకటో తారీఖునుంచి ఆ కుర్చీ మీది. ఆర్డరు కూడా వచ్చేసింది" అన్నాడు. ఆమె నమస్కారం పెట్టేలోపే, "దానికి ముందు ఒక్క పని" అన్నాడు. "ఆ అరవై రెండు ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళండి. వాసన లేనిది ఉంటే తప్పక కొంటామన్నారు కదా. ఎందుకు కొనడం లేదో కనుక్కురండి. నాకు నిజంగా అర్థం కావడం లేదక్కా. అడిగే చేశాను కదా."

ఇల్లు చేరేదాకా ఆ చివరి మాట ఆమె వెంటే నడిచింది. కావాలంటే మళ్ళీ ఏదో ఒక మెట్టు మీద కూర్చుని, జనం మనసు మార్చుకున్నారని రాసేయవచ్చు. చిటికెలో పని. కానీ ఈసారి వెళ్ళింది. సెలవు రోజుల్లో పొద్దున్నే, మామూలు రోజుల్లో సాయంత్రం, మనుషులు ఇంట్లో ఉండే వేళ చూసి వెళ్ళింది. అరవై రెండు తలుపులు తట్టింది.

నీలం చొక్కాల ఇంట్లో మొగుడూపెళ్ళాలిద్దరూ గ్యారేజీలో పని. "వాసన లేకపోతే ఆయిలు కంపు పోయినట్టు ఎలా తెలుస్తుందండీ?" అంది ఆవిడ. దగ్గే పెద్దవాళ్ళున్నారని ఆమె రాసిన ఇంట్లో దగ్గేవాళ్ళెవరూ లేరు, ఇద్దరు పహిల్వాన్‌లలాంటి అన్నదమ్ములు ఉన్నారు. సబ్బు పెట్టెని బీరువాలో బట్టల మధ్య పెట్టుకుంటామని చెప్పారు, సువాసన కోసం. ఒకావిడ, "పనిలోకి వెళ్ళేటప్పుడు ఉతికిన చొక్కా వాసన వస్తేనే కాస్త మనిషిననిపిస్తుంది. ఇంకేముంది మాకు?" అంది. అరవై రెండు ఇళ్ళలో వాసన పడదన్నది ఒకే ఒక్కరు. ఆవిడకి కూడా ఆ పూట జలుబు చేసింది. గుమ్మం చూసి మనిషిని చెప్పగలనన్న గర్వం అరవై రెండు గుమ్మాల దగ్గర ఊడి పడింది. నిజంగా అడుగుతుంటే జనం మాట మార్చుకున్నారు, ఆమె కూడా కొట్టేసింది, మళ్ళీ రాసింది. ఇరవై రెండేళ్ళలో అంత మాసిన కాగితాలు ఆమె చేతినుంచి ఎప్పుడూ రాలేదు.

ఆఖరి రోజు సాయంత్రం బజారులోంచి వస్తుంటే, ఒక టైలరు షాపు అరుగు మీద పీట వేసుకుని, చొక్కాలకి గుండీలు కుడుతూ కొట్టివేతలమ్మ కనబడింది. తప్పించుకుందామనుకునేలోపే, "అక్కా!" అని పిలిచింది. పక్కన చోటు చూపించి కూర్చోబెట్టింది. పిల్లల సంగతి, అత్తగారి సంగతి మాట్లాడుకున్నారు. కొట్టివేతలమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ అంది.

"అక్కా, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. ఆ రోజు ఆయన అలా అన్నాక నాకే అనుమానమొచ్చింది. సరిగ్గా వినలేదేమో, నా చెవులే మోసం చేశాయేమోనని. పని పోయిన మర్నాటినుంచి మళ్ళీ ఆ ఇళ్ళన్నీ తిరిగాను."

"ఏ ఇళ్ళు?"

"ఆ రెండు వందల ఇళ్ళూను. ఎవరూ తిరగమన్లేదు, జీతమూ లేదు. ఊరికే, నాకోసం. మళ్ళీ అదే అడిగాను. మళ్ళీ అదే చెప్పారు. నేనెక్కడ తప్పు చేశానో ఇప్పటికీ తెలీలేదు. మీరు చాలా అనుభవమున్నవాళ్ళు కదా, చెప్పండక్కా. ఎలా అడిగితే మీవైపు వాళ్ళు మీకు అలా చెప్పారు?"

పని పోవడం ఒకటి. తన చెవుల మీద తనకే నమ్మకం పోయి, ఆ ఎండలో రెండు వందల గుమ్మాలెక్కడం ఇంకోటి. ఆ రెండో నష్టం సంగతి ముత్యాలక్క ఊహకి కూడా అందలేదు. పొద్దుపోతోందని ఏదో సాకు చెప్పి లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి అత్తగారి మంచం అంచున కూర్చుని అంతా చెప్పేసింది. పెద్దావిడ విన్నంతసేపూ కోడలి మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది.

"నా దగ్గుకి అంత దూరం వెళ్ళావటే?" అంది చివరికి.

"మీకోసమని కాదత్తయ్యా. అబద్ధమెందుకు, రాసేటప్పుడు మీ దగ్గే నా చేతికి అందింది, అంతే. కాళ్ళు నొప్పని కూర్చున్నాను."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కావుగా, ఇక కడుక్కో." పెద్దావిడ గోడ వైపు తిరిగింది. "కుర్చీ పోతే పోయింది. ఇద్దరం మంచం మీదే కూర్చుందాం."

మర్నాడు ముత్యాలక్క ఆఫీసు తెరిచేసరికే మేనేజరు గదిలో నిలబడింది. కొత్తగా నింపిన కాగితాలు బల్ల మీద పెట్టింది. అతను గబగబా తిరగేశాడు. మొహం వాడిపోయింది.

"ఒక్కరు తప్ప అందరూ వద్దంటున్నారేంటి? మరి అప్పుడు కావాలన్న అరవై రెండు మంది ఏమయ్యారు?"

"వాళ్ళు లేరు సార్."

"లేరంటే? ఇళ్ళు మారిపోయారా?"

"అరవై రెండు మందీ నేనే సార్. ఆ ఇళ్ళకి తాళాలున్నాయి. బయట మెట్ల మీద కూర్చుని నేనే రాశాను."

మేనేజరు చేతిలోని కాగితాలు మెల్లగా బల్ల మీద పెట్టాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండునని కూడా అనుకుంది.

"ఎందుకు?" అన్నాడు.

"కాళ్ళు నొప్పి పుట్టాయి సార్."

ఇంత సబ్బుకీ, ఇన్ని పెట్టెలకీ, గోడల మీది అన్ని రాతలకీ అదీ కారణం. అతను కళ్ళజోడు తీసి మొహం రుద్దుకున్నాడు.

"ఈ మాట ఇక్కడే ఉండనివ్వండి" అన్నాడు కొంచెం తేరుకుని. "జనం మనసు మార్చుకున్నారని రాసిద్దాం. పైవాళ్ళు అదే నమ్ముతారు. ఒకటో తారీఖున మీరు కుర్చీలో కూర్చోండి."

"మరి ఆవిడో?"

"ఎవరు?"

"మీరు పంపించేసినావిడ. ఆవిడ రాసిందే నిజం. ఆవిణ్ణి వెనక్కి పిలవండి సార్."

"పిలవాలంటే కారణం రాయాలి కదక్కా. కారణం రాస్తే మీరుండరు. నేనుండేదీ అనుమానమే. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, చూడ్డానికి బాగున్నదాన్ని నమ్మింది నేను."

ముత్యాలక్క సంచీలోంచి మడత కాగితం తీసి ఇచ్చింది. తాను చేసింది తేదీలతో సహా రాసి, కింద తల్లిదండ్రులు పెట్టిన పేరుతో సంతకం చేసింది. "నాకు ఆ కుర్చీ మీద చాలా ఆశ సార్. ఇప్పటికీ ఉంది. ఇది మీరు పంపకపోతే నేనే పోస్టులో వేస్తాను. మీరే పంపండి, మీకు మంచిది" అంది. అంత మాట పైవాళ్ళతో అనడం ఆమెకి అదే మొదలు.

పంపాడు. నాలుగో రోజున రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి ముత్యాలక్కని తీసేస్తూ. రెండోది కొట్టివేతలమ్మని తిరిగి రమ్మంటూ. అందులో కారణం లేదు. మేనేజరు రెండూ ఆమె చేతికే ఇచ్చాడు. "రెండోది కూడా మీరే ఇచ్చిరండి. ఆవిడ మొహం నేను చూడలేను" అన్నాడు.

టైలరు షాపు అరుగు మీదే కొట్టివేతలమ్మ ఉత్తరం విప్పి చదువుకుంది. రెండోసారి చదివింది. ఒళ్ళోని చొక్కా జారి కింద పడింది. కళ్ళనిండా నీళ్ళతో ముత్యాలక్క రెండు చేతులూ పట్టుకుంది.

"మీరే చెప్పి ఇప్పించారు కదా అక్కా? నాకు తెలుసు. మీరు తప్ప నా తరఫున అడిగేవాళ్ళెవరున్నారు?"

అవునని ఊరుకుంటే చాలు. ఉత్తరంలో కారణం లేదు, మేనేజరు చెప్పడు. ఈ ఒక్క మనిషి దగ్గరైనా జీవితాంతం మంచిదానిగా ఉండిపోవచ్చు. ముత్యాలక్క ఆ చేతుల్ని కాసేపు వదల్లేకపోయింది.

"ఇప్పించింది నేనే. పోగొట్టింది కూడా నేనే" అంది. మిగిలినదంతా నిలబడే చెప్పింది.

కొట్టివేతలమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. కింద పడిన చొక్కా తీసి దులిపింది. సగం కుట్టిన గుండీ పూర్తిచేసి, దారం పంటితో కొరికింది. బజారులో జనం వస్తున్నారు, పోతున్నారు. లోపల మిషను శబ్దం ఆగి, మళ్ళీ మొదలైంది.

"రెండు వందల ఇళ్ళు తిరిగానక్కా" అంది. "పిచ్చిదాన్నేమో అనుకుంటూ తిరిగాను."

ముత్యాలక్క తలొంచుకుంది. క్షమించమని అడగడానికి కూడా ఆమెకి మొహం చెల్లలేదు. వెళ్దామని మెట్టు దిగింది. మోకాలు పట్టేసి ఒక్క క్షణం గోడ ఆసరా తీసుకుంది. వెనకనుంచి ఆవిడ గొంతు వినబడింది.

"రేపటినుంచి ఈ పీట ఖాళీ. టైలరుగారు మనిషి కోసం చూస్తారు. గుండీలు కుట్టడం మీకొచ్చా?"

ముత్యాలక్క వెనక్కి తిరిగింది. ఆవిడ తల ఎత్తలేదు. ఇంకో చొక్కా తీసుకుని గుండీకి చోటు చూసుకుంటోంది.

"కోపం పోయిందనుకోకండి. పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు" అంది. "కానీ ఇది కూర్చుని చేసే పని."

ఉద్యోగం పోయిందన్న ఉత్తరం అందుకున్నప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది ముత్యాలక్కకి. నడిబజారులో, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, గోడ పట్టుకుని నిలబడే ఏడ్చింది.